నవలాకారుడు నవ్వరాదట!

నవలాకారుడు నవలలే వ్రాయవలెననియు, తాను కొని చదువని పుస్తకములను గూర్చియు, వ్రాయబూనినపుడెల్ల ముంచుకొనివచ్చు నిద్రను గూర్చియు, క్రికెట్టును గూర్చియు, ఇంటి అద్దెను గూర్చియు నవ్వుచు నాలుగు పుటలు గిలుకుట అతని హోదాకు కొరతయనియు, ఒకవేళ అంతగా గిలుకదలచినను హైటెక్ సిటీ వంటి చోట అందుకు సరకు లేదనియు, సరకున్నను చదువువాడు లేడనియు ఒక అభిప్రాయము మన సాహిత్యసభలలో చాలకాలముగా చెలామణి యగుచున్నది. పుస్తకావిష్కరణ సభలో అధ్యక్షుడు శాలువ సవరించుకొనుచు దీనినే చెప్పును. ఆదివారపు అనుబంధమును కూర్చు ఉపసంపాదకుడు వచ్చిన వ్యాసమును తిప్పి పంపుచు దీనినే చెప్పును. అన్నిటికంటె వింత యేమనగా, రాయదుర్గము మెట్రో స్టేషనులో దిగి గుంపుతోబాటు కార్యాలయమునకు నడచు సాఫ్టువేరు ఉద్యోగి సయితము, "మా బతుకుల్లో రాయడానికేముందండీ, లాగిన్, లాగౌట్ తప్ప?" అని దీనికే వత్తాసు పలుకును. ఇందరు ఏకకంఠముగా పలుకుమాట నిజమై యుండునని ఒప్పుకొనుట సుఖము. ఆ సుఖము నాకక్కరలేదు.

ప్రతిపక్షమును దాని పూర్తి బలముతో నిలబెట్టి గాని పడగొట్టరాదు గనుక ముందుగా ఆ పని చేసెదను. వారు చెప్పునది యిది. నవల దీర్ఘశ్రమ నపేక్షించు ప్రక్రియ. ఒక్క పాత్రను మనసున మోయుటకే ఏండ్లు పట్టును. అట్టి శ్రమ చేయవలసినవాడు వారమువారము చమత్కారములు సరఫరా చేయబూనినచో వాక్యమునకు చులకన యలవడి గాంభీర్యము సడలిపోవును. రెండవది, హాస్యమునకు కుదురైన సంఘము కావలెను. అగ్రహారమో, పేటయో, రచ్చబండయో, ఒకరి గుట్టు ఒకరికి తెలిసిన చోటు కావలెను. పగలెల్ల ఇంగ్లీషున పనిచేసి, హిందీలో ఆటోవానితో బేరమాడి, రాత్రి తెలుగున ఇంటికి ఫోను చేయువారి నడుమ ఆ కుదురు లేదు. మూడవది, ఆటలనునవి వ్యాపారములై పోయినవి. వాటిని గూర్చి వ్రాయుట వ్యాపారమునకు వంతపాట. నాలుగవది, చదువు తీరిక యెవరికిని లేదు. ఐదవది యిటీవల చేరినది, తక్కిన నాల్గింటికంటె గట్టిది: మన హాస్యము బలహీనుని నొప్పించియే బ్రతికినది, కావున అది తగ్గుటయే మేలు. ఈ ఐదవదానిలో సగము నిజమున్నది. దానిని దాని చోట విచారింతును. తక్కినవానిలో ఆ సగమును లేదు.

1. శక్తి చెదరునను వాదము

చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1894లో రామచంద్రవిజయము వ్రాసి చింతామణి పత్రిక నవలల పోటీలో బహుమతి గొనిరి. అది గంభీరమైన నవల. నేడు దాని పేరు పరీక్షలకు చదువువారికి తప్ప తక్కినవారికి అంతగా తెలియదు. ఆయనయే వ్రాసిన గణపతి యన్ననో, చదివినవాడు చదువనివానికి కథ చెప్పబోయి, చెప్పకమునుపే తాను నవ్వి చెడగొట్టును. ప్రహసనములు వ్రాసిన చేయియే గణపతిని వ్రాసినది. ఆ చేతికి ప్రహసనములవలన కలిగిన నష్టమేదియో చూపుడని యడిగిన, శక్తి చెదరునని చెప్పువారు వేయిపడగల వైపు వ్రేలు చూపి, గాంభీర్యమనగా అదియని బదులు చెప్పుదురు. మంచిది, ఆ యింటికే పోవుదము. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠమును తెలుగునకు తొలిసారిగా తెచ్చిన, వేయిపడగలు వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణగారే విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు వ్రాసిరి. పంచతంత్రకర్తయగు విష్ణుశర్మయు, కవిబ్రహ్మ తిక్కనయు వచ్చి ఇంగ్లీషు నేర్పుమని ఒక ఉపాధ్యాయుని కలలో పట్టుకొని వేధించుటను మించిన చిలిపితనము గంభీరపురుషుడెవడును చేసి యుండడు. హాహా హూహూలో ఆయన ఒక గంధర్వుని గుఱ్ఱపు తలతో లండనులో దింపి అక్కడివారిని తికమక పెట్టెను. ఈ చిలిపితనమువలన వేయిపడగలలో ఒక్క పడగయైనను వంగినదా?

ఈ వాదమునందలి లోపము దాని అడుగుననే యున్నది. రచయిత శక్తిని వీరు వేసవిలో మాదాపురపు అపార్టుమెంటు సంపులోని నీటివలె కొలుచుచున్నారు. క్రింది యంతస్తువాడు మొక్కలకు పోసినచో పై యంతస్తువానికి స్నానము లేదని వీరి లెక్క. వ్రాత అట్టిది కాదు. ఆర్. కె. నారాయణ్ మైసూరులో కూర్చుండి హిందూ పత్రికకు చిన్నచిన్న వ్యాసములు వ్రాసి, వానిలో కొన్నిటిని 1960లో నెక్స్ట్ సండే యను పేర సంపుటముగ వెలువరించెను. గొడుగును గూర్చియు, గుంపును గూర్చియు, ఏమియు చేయకుండుటను గూర్చియు వ్రాయదగు తీరిక గల ఆ మనుష్యుడు, ఆ కాలముననే, 1958లో, ది గైడ్ నవలను వెలువరించి, దానికి సాహిత్య అకాడమీ పురస్కారమందెను. చిన్నవ్యాసము ఆయన నవలకు అడ్డురాలేదు సరికదా, వీధిని చూచు కంటికి అది నిత్యసాధకమై యుండునని నా యూహ.

పైగా శక్తి చెదరుటను గూర్చి ఇంత బెంగపడు పెద్దలు, నవలాకారుడు చలనచిత్రములకు సంభాషణలు వ్రాయునపుడు మాటలాడరు. ధారావాహికకు మున్నూరవ భాగమున చచ్చిన పాత్రను బ్రతికించునపుడు మాటలాడరు. తాను చదువని కవిత్వమునకు, చదివితినని నమ్మించుచు, ముందుమాట వ్రాయునపుడు అసలే మాటలాడరు, ఏలయన ఆ ముందుమాట తరచుగ వారి పుస్తకమునకే. శక్తి నవ్వునందు మాత్రమే ఖర్చగునని యే శాస్త్రమున నున్నదో వారే చెప్పవలెను.

2. సరకు లేదను వాదము

1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు దాని చుట్టు నున్నవి బండరాళ్లును, ముళ్లపొదలును. ఆ బండలు నేడు కొన్ని కార్యాలయ ప్రాంగణములలో, చుట్టు పచ్చిక పెంచి, దీపములు పెట్టి, శిల్పములవలె అట్టిపెట్టబడినవి. తక్కినవి కంకరయై మనము నడచు దారులలో నున్నవి. ఆనాడు అక్కడ తొలి కొలువున చేరిన యువకునికి నేడు నెత్తిన వెండ్రుకలు పలుచబడి, ఇంట కాలేజీకి పోవు పిల్ల యుండును. ఒక తరము పుట్టి పెరిగిన చోటును ఇంకను కుదురులేని చోటనుట, కుదురు మనకు తెలిసిన రూపమున లేదని విసుగుకొనుట మాత్రమే.

అసలు హాస్యమునకు కుదురే కావలెనను సిద్ధాంతమును తెలుగున అందరికంటె ముందుగ కొట్టివేసినవాడు మొగల్తూరి పార్వతీశము. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో తొలిభాగము వెలువరించిన బారిస్టర్ పార్వతీశము నవలలో నవ్వంతయు ఊరు విడిచిన తరువాతనే ఊరును. మొగల్తూరిలోనే యుండిపోయినచో పార్వతీశము పిలకతో సుఖముగ నుండును, మనకు నవల యుండదు. చెన్నపట్నమున ఆడువారి టోపీని దొరల టోపీ యనుకొని కొని, దానిని ధరించి నిక్కుచు నడచునపుడు గదా మనము పుస్తకము ప్రక్కన పెట్టి కన్నులు తుడుచుకొందుము! తనకు తెలియని మర్యాదల నడుమ తెలిసినట్లు నటించు మనుష్యుని బాధయే ఆ పుస్తకమునకు ముడిసరకు. తొలిసారి ఐకియాలో ప్రవేశించి, నేలమీది బాణపు గుర్తుల వెంట పోయి పోయి, బయటి దారి కానరాక, చేసేది లేక ఒక కుండీ కొనుక్కొని వచ్చు గుంటూరు మామయ్య పార్వతీశమునకు సాక్షాత్తు మనుమడు కాడా?

దగ్గరనుండి చూచినచో గాని యిది తెలియదు గనుక ఒకటి చూపెదను. కొండాపురమున ఒక గేటెడ్ కమ్యూనిటీ ద్వారము. కొడుకును కోడలును ఇద్దరును మీటింగులలో నున్నారు. ఫోనులు మౌనము దాల్చినవి. నరసరావుపేటనుండి తెల్లవారుజాముననే బస్సెక్కి వచ్చిన తల్లి, ఆవకాయ జాడీ యున్న సంచి క్రింద పెట్టక, చంకనుంచుకొని నిలిచి యున్నది. కావలివాడు తన ఫోనును ఆమెకు చూపి, "మీవోళ్లు ఇంకా ఓకే కొట్టలేదమ్మా. జర ఆగుండ్రి" అనును. "నా కొడుకింటికి నేను పోవటానికి వాడి ఫోను ఒప్పుకోవాలటయ్యా?" అని ఆమె. "అట్ల కాదమ్మా, సిస్టమ్ల ఎక్కాలె" అని అతడు కుర్చీ జరిపి, ఆమెను కూర్చుండబెట్టును. ఆమెకు ఆ సిస్టము ఎవరో అర్థము కాలేదు గాని, ఎవరో పెద్దమనిషియని తోచి యుండును, ఏలయన గొంతు తగ్గించెను. అంతలో, ఆమె వెనుకనే వచ్చిన బిర్యానీ కుర్రవాడు సిస్టములో నెక్కి, పేరు చెప్పకయే, ఆమె కొడుకు ఇంటికే లోనికి పోయెను. ఆమె అతనిని చూచెను, కావలివానిని చూచెను. "ఆ అబ్బాయి వాళ్లకేమవుతాడు నాయనా?" అని మాత్రమే యడిగెను.

ఇందు కల్పించవలసినది ఎంత గలదు? భమిడిపాటి కామేశ్వరరావుగారికి ఈ ద్వారము లభించినచో అక్కడినుండి కదలక ఒక నాటిక వ్రాసి లేచెడివారు. జాడీ యున్నది, కావలివాడున్నాడు, రెండు యాసలున్నవి, ఆ రెంటి నడుమ ఒక మర్యాద యున్నది, తల్లికంటె బిర్యానీకి తొందరగ తెరచుకొను ఇనుప తలుపున్నది. సరకు లేదనువారు ఈ ద్వారముగుండ రోజును పోవుచుందురు. కాని కారు అద్దములు ఎత్తి యుండును.

3. ఆటల మీది నింద

ఆటలు వ్యాపారమైనవనుట నిజము. పుస్తకప్రచురణయు వ్యాపారమే, కాకున్న ప్రచురణకర్తలు మన రాయల్టీని గూర్చి అంత మౌనము వహింపరు. ఒక వస్తువు అమ్ముడుపోవుట దానిని గూర్చి వ్రాయరాదనుటకు కారణమైనచో బియ్యమును గూర్చియు, బంగారమును గూర్చియు, పెండ్లిని గూర్చియు నవలాకారులు వ్రాయరాదు. అపుడు తెలుగు నవలలో మిగులునది వెన్నెల మాత్రమే.

నవలకును ఆటకును గల చుట్టరికము ఈ విమర్శకులకు తెలియనట్లున్నది. డికెన్సు తన పిక్విక్ పేపర్సులో ఒక క్రికెట్టు పందెము నడపెను. పి. జి. వోడ్‌హౌస్ తన లోకప్రసిద్ధుడగు సేవకునికి పెట్టిన జీవ్స్ అను పేరు, వార్విక్‌షైరు జట్టున బంతి వేసిన పెర్సీ జీవ్స్ అను ఆటగానిది; ఆ యువకుడు 1916లో సోమ్ యుద్ధమున మరణించెను; చదువరులెవ్వరికిని తెలియకయే అతని పేరు నేటికిని లోకమును నవ్వించుచున్నది. నారాయణ్ తొలినవల స్వామి అండ్ ఫ్రెండ్స్‌లో పిల్లలు మాల్గుడి క్రికెట్ క్లబ్బు పెట్టి, చిట్టచివరకు ఆ ఆట దగ్గరనే స్నేహము విరిగిపోవును. జపానున హరుకి మురకామి 1978లో టోక్యో జింగూ మైదానమున బేస్‌బాలు చూచుచు, ఒకడు బంతిని చక్కగ కొట్టిన క్షణమున, తాను నవల వ్రాయగలనని తలచితినని తానే చెప్పెను. అనంతరము తన పరుగును గూర్చి ఒక పుస్తకమే వ్రాసెను. అతనిని నోబెలు బహుమతి గూర్చి ఏటేట తలచుకొను మన పెద్దలు, అదే పని గచ్చిబౌలిలో తెలుగువాడొకడు చేసినచో, "పాపము, వ్రాయుట మానినాడు" అందురు.

తెలుగునేలకు ఆటలు పరాయివి యనుటయు వినుచుందును. భారతదేశపు తొలి టెస్టు జట్టును 1932లో లార్డ్సున నడిపిన సి. కె. నాయుడు నాగపూరున పుట్టిన తెలుగింటివాడు. 1956 ఒలింపిక్సున భారత ఫుట్‌బాలును నాల్గవ స్థానమునకు, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకు చేర్చిన శిక్షకుడు ఎస్. ఎ. రహీం హైదరాబాదువాడు. 2001లో ఒకే మార్చి నెలలో పుల్లెల గోపీచంద్ ఇంగ్లండున ఆల్ ఇంగ్లండు బిరుదు గెలుచుటయు, వి. వి. ఎస్. లక్ష్మణ్ కలకత్తాలో 281 పరుగులు చేయుటయు జరిగినవి. ఆ గోపీచంద్ గచ్చిబౌలిలో నెలకొల్పిన అకాడమీనుండియే సైనా నెహ్వాల్ 2012లోను, పి. వి. సింధు 2016లోను ఒలింపిక్ పతకములు గొనిరి. మన భాషలో వీరిని గూర్చిన వార్తలు గుట్టలుగ నున్నవి, వ్యాసములో? ఉదయము నాలుగు గంటలకు పిల్లను స్కూటరుపై ఆ కోర్టునకు దింపి, తాను బయట ఆవలింతలతో లెక్కలు వేసికొను తండ్రిని గూర్చి ఎవరు వ్రాసిరి? పతకము వచ్చిన యింటిని అందరును వ్రాయుదురు. పతకము రాని యిండ్లు అంతకంటె ఎన్నో రెట్లు; వాటిని చూచుట నవలాకారుని పని, నవ్వుచు చూచుట అతని సంస్కారము.

ఇక సాఫ్టువేరువారి స్వంత ఆట. రాత్రి పదిగంటలకు కొండాపురమో, నానక్‌రామ్‌గూడమో పోయి చూడుడు. నాలుగు వైపులను నెత్తిమీదను వలలు కట్టి, కృత్రిమపు పచ్చిక పరచి, కన్నులు చెదరు దీపములు వెలిగించిన బోనులో బాక్స్ క్రికెట్టు సాగుచుండును. గంట లెక్కన అద్దె. గంట ముగియకమునుపే తరువాతి జట్టు వల పట్టుకొని నిలుచును. జట్టుల పేర్లలో సగము బగ్గులు, సగము కింగులు. టెన్నిసు బంతి వెనుక వలకు తగిలిన ఇన్ని పరుగులని, పైవలకు తగిలిన ఇంతయని ప్రతి మైదానమునకు ఒక ధర్మశాస్త్రము. దానిపై వివాదము ఆటకంటె దీర్ఘము. పచ్చికలోని నల్లని రబ్బరు పొడి బూట్లనిండ చేరి, ఇంటికి పోయిన తరువాత భార్య యడుగు తొలిప్రశ్న యగును. అక్కడ నిన్నగాక మొన్న చేరిన కుర్రవాడు వేసిన బంతికి టీమ్ లీడుగారి వికెట్టు పడిపోవును. ఆ క్షణమును గమనింపుడు. కుర్రవాడు ఎగురబోయి, అప్రైజలు జ్ఞాపకమునకు వచ్చి, ఎగురుటను సగమున ఆపి, చేతులు ఎక్కడ నుంచుకొనవలెనో తెలియక టోపీ సరిచేసికొనును. టీమ్ లీడు "నో బాల్ కాదుగా?" అని ఎవరినని కాక అడిగి, నడచిపోవును.

ఈ ప్రాంతమున ఓటమిని ఓటమి యని పిలుచు చోటు ఇదియొక్కటే. కార్యాలయమున ఓటమికి వేషములు కలవు: అది నేర్చుకొను అవకాశమగును, మెరుగుపడదగు రంగమగును, సంస్థ దిశను మార్చుకొనుట యగును, ఉద్యోగము పోయినపుడు సయితము దానికి సొంపైన పేరొకటి ఈమెయిలులో వచ్చును. వికెట్టుకు ఆ వేషములు లేవు. పడినది, అంతే. మనుష్యుడు తన కొరతను నలుగురియెదుట ఒప్పుకొని, మరునాడు మరల వచ్చి ఆడు చోట హాస్యరచయిత కూర్చుండక మరెచట కూర్చుండవలెను?

4. చదువువాడు లేడను వాదము

ఇందు కొంత శోకమున్నది, శోకమునకు ఆధారమున్నది. ఆంధ్రపత్రిక 1991లో మూతపడెను. 1978నుండి నెలనెల ఒక్కొక్క నవల నందించిన చతుర యిపుడు లేదు. సాక్షి వ్యాసములలో పానుగంటివారి జంఘాలశాస్త్రి ఉపన్యసించిన వేదికలును, ముళ్లపూడి వెంకటరమణ బుడుగును నిలుపుకొన్న పుటలును పోయినవి. ఇవి పోయినవి గనుక చదువువాడు పోయెననుట మాత్రము తర్కము కాదు. అంగడి మూసినవాడు, ఊరిలో ఎవరికిని ఆకలి లేదని చెప్పరాదు.

ఆకలికి గుర్తులు కావలసినచో ఇవిగో. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ రాష్ట్రములు రెంటిని రాత్రులు మేల్కొలిపెను. మాదాపురపు హాలులలో డబ్బిచ్చి స్టాండప్ వినువారున్నారు, వేదికపై నిలుచువారిలో కొందరు పగలు కోడు వ్రాయువారే. హైదరాబాదు సాహిత్యోత్సవము ఇటీవల రాయదుర్గపు నాలెడ్జ్ సిటీకే తరలివచ్చినది. డిసెంబరున ఎన్టీఆర్ స్టేడియము పుస్తకప్రదర్శనలో పార్వతీశము, బుడుగు ప్రతియేడును కొత్త ముద్రణలతో అమ్ముడుపోవుచునే యున్నవి; కొనువారి మెడలలో కార్యాలయపు పట్టీలు వ్రేలాడుట మీరును చూడవచ్చును. వారు నూరేండ్లనాటి మొగల్తూరిని ఎందులకు కొనుచున్నారు? కొండాపురము బల్లపై లేదు గనుక. తన వీధిని తన భాషలో చదువుకొనగోరువానికి తాతల వీధిని అమ్మి, అతడు వర్తమానము నడుగలేదని మనమే తీర్పు చెప్పుచున్నాము.

తీరిక లేదను మాటయు నట్టిదే. గచ్చిబౌలినుండి కూకట్‌పల్లికి సాయంకాలపు క్యాబులో పట్టు కాలమున ఒక వ్యాసమేమి, కొంచెము వాన కురిసినచో ఒక నవలయే పూర్తియగును.

5. నొప్పించు హాస్యము

ఇచట నేను తలవంచెదను, కొంతమేరకు. తెలుగు హాస్యము భార్యను గయ్యాళిగను, అత్తను రాక్షసిగను, లావుపాటివానిని బస్తాగను చూపి దశాబ్దములు గడపినది. మన చలనచిత్రములు తెలంగాణపు మాటను చాలకాలము రౌడీకిని, విదూషకునికిని మాత్రమే కట్టబెట్టి, నాయకుని నోట కృష్ణాతీరపు పలుకునే పలికించినవి. ఆ నవ్వు నవ్విన వారికి జ్ఞాపకము లేదు, పడినవారికి కలదు. ఏ కొండాపురపు హాస్యరచయితయైనను పైని చెప్పిన కావలివాని నోటి "జర ఆగుండ్రి"ని వ్రాసి, ఆ మాటనే నవ్వులపాలు చేసినచో అతని వ్యాసమును నేనును చించివేయుదును. అక్కడ నవ్వవలసినది ఆ మాటను కాదు, తలుపును.

కాని యీ నింద వేయువారు తమ వాదము ఎక్కడికి పోవునో చూచుకొనలేదు. నొప్పించు హాస్యమునకు కారణము పాత్ర లేకపోవుట. చమత్కారమునకు లావుపాటివాడు చాలును. అతనికి పేరక్కరలేదు, తల్లియక్కరలేదు, రేపు అక్కరలేదు. నవలాకారుడు పేరు పెట్టక ఎవరిని చూడలేడు. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతము భార్యయే, కథలు సంసారపు గొడవలే. అయినను అక్కడ మాటకు మాట వేసి గెలుచునది కాంతము, నవ్వులపాలగువాడు వ్రాసిన మగడు. పొత్తూరి విజయలక్ష్మి వంటి రచయిత్రులు ఇంటిలోపలి నవ్వును ఇంటివారి చేతికే యిచ్చిరి. ఆమె ప్రేమలేఖ నవల 1984లో జంధ్యాల చేతిలో శ్రీవారికి ప్రేమలేఖయై, ఒక లేఖ దారితప్పుటవలన లోకమంతయు నవ్వవచ్చునని, ఎవ్వరిని కొట్టనక్కరలేదని చూపినది. కావున హాస్యము క్రూరమైపోయెనను ఫిర్యాదు నవలాకారుని నోరు మూయుటకు కారణము కాదు. అతనిని బ్రతిమాలి పిలుచుకొనివచ్చుటకు కారణము. క్రూరత్వమును గూర్చి బెంగగలవారు ఆ రంగమును అయిదు క్షణములలో నవ్వింపవలసిన రీళ్లవారికి వదలిపెట్టి ఇంటికి పోవుట యే రకపు సంస్కారము?

6. మాట లేని చోట ఎవరు మాటలాడుదురు

నవలాకారుడు మౌనము వహించినచో ఈ ప్రాంతపు దినచర్యను గూర్చి ఎవరును మాటలాడకుందురా? మాటలాడుచునే యున్నారు. ఒకడు వ్యక్తిత్వవికాసమువాడు, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, చన్నీట స్నానము చేసి, మూడు సంకల్పములు వ్రాసికొనినవాడు గొప్పవాడగునని పుస్తకము వ్రాసి అమ్ముచున్నాడు. రెండవవాడు కోకాపేటలో ఆకాశహర్మ్యము కట్టువాడు. తన ప్రకటనలో అరువదియవ అంతస్తున ఒక కుటుంబమును నిలబెట్టి, ఎందుకో తెలియని నవ్వు నవ్వించుచున్నాడు. ఆ గోపురములకు ఇటలీ పేర్లు, లోపలివారికి కందిపొడి. మూడవది సంస్థయే, అది తన ఉద్యోగులను కుటుంబమని పిలుచును. ఏ కుటుంబమునను మూడునెలల నోటీసు పీరియడు ఉండదని చెప్పదగినవాడు హాస్యరచయిత యొక్కడే. అతనిని, నీకిది తగదు, పోయి గంభీరమైన నవల వ్రాసికొనుమని మనము గదిలోనికి నెట్టి తలుపు వేయుచున్నాము.

ఆ గదిలో వ్రాయబడు నవలకైనను మేలు జరుగుచున్నదా? చదివి చూడుడు. ఇటీవలి నవలలలో సాఫ్టువేరు ఉద్యోగి కనబడినచో అతడు తరచుగ డబ్బుచే చెడినవాడో, ఒంటరితనముచే నలిగినవాడో యగును. మధ్యాహ్నము టిఫిను డబ్బా తెరచి, పక్కవాని గోంగూరవైపు చూచు సామాన్యుడు కానరాడు. పల్లెను గూర్చి వ్రాయునపుడు ఏ మట్టికి ఏ వాసనయో తెలిసిన రచయితకు, తానే పదేండ్లుగ అద్దె కట్టుచున్న వీధిని గూర్చి వ్రాయునపుడు విలాపము తప్ప మరొక స్వరము దొరకకుండుట, ఆ వీధిని అతడు చిన్నచిన్న వ్యాసములలో పలుమార్లు వ్రాసి చేయి అలవరచుకొననందువలననే. రావిశాస్త్రి విశాఖపట్టణపు కోర్టు గుమ్మములను, ఆ గుమ్మముల ముందరి దొంగసాక్షులను, ప్లీడర్లను నవ్వుచు ఎరిగియున్నందువలననే వారి దుఃఖమును అంత కోపముతో వ్రాయగలిగెను.

కావున హాస్యవ్యాసము నవలాకారునికి కాలక్షేపమను అభిప్రాయమును నేను పూర్తిగ తోసిపుచ్చుచున్నాను. నలుదిక్కులనుండి వచ్చిన జనము ఒక చోట కూడి, ఇండ్లు కొని, పిల్లలను కని, వలలలో క్రికెట్టాడి, తల్లులను ద్వారముల వద్ద నిలబెట్టుచున్న ఈ కొత్త ఊరిని తెలుగు సాహిత్యము ఇంకను అద్దె యింటివలెనే చూచుచున్నది. దానిని స్వంతము చేసికొను పనికి ముందుగ కావలసినవాడు, దాని పొరపాట్లను ప్రేమతో పేరుపేరున చెప్పగల నవలాకారుడు.

సంపాదకులకు నా ప్రశ్న యొక్కటే. ఆదివారపు అనుబంధమున రాశిఫలములకు ఒక పుట యున్నది, నటీమణి చర్మసంరక్షణకు ఒక పుట యున్నది, విల్లాలకు రెండు పుటలున్నవి. అందులో ఒక పావుపుట, వారమువారము, కొండాపురముననో మణికొండలోనో కాపురముండు ఒక నవలాకారునికి, పుస్తకములను గూర్చియో, ఆటలను గూర్చియో, లిఫ్టులో అంటించిన నోటీసును గూర్చియో వ్రాయుమని యిచ్చుటకు మీకేమి అడ్డము? వ్రాయువారు లేరనకుడు, అడిగినచో వ్రాయుదురు, పారితోషికము సకాలమున పంపినచో మరల వ్రాయుదురు.